ఓ-నెట్ అరవై ప్రశ్నల ఆసక్తి పరీక్ష: హైస్కూలు పిల్లలతో ఏళ్ల తరబడి వాడాక

పదో తరగతి అయ్యాక ఏం చదవాలంటే మన ఊళ్లలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. మార్కులు బాగా వస్తే ఎంపీసీ, ఆడపిల్లయితే బైపీసీ, కాస్త తగ్గితే సీఈసీ, ఇంకా తగ్గితే ఐటీఐ. ఈ లెక్కలో పిల్లలకు ఏది ఇష్టమో అడిగిన వాళ్లు లేరు. ఆ లోటు పూడ్చడానికి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు మేం వాడుతున్నది అమెరికా కార్మిక శాఖ తయారుచేసిన ఓ-నెట్ ఆసక్తి పరీక్ష, అందులోనూ పొట్టి రూపం. ప్రశ్నలు 60. ఖర్చు లేదు. కంప్యూటర్ లేకపోయినా కాగితం మీద నడుస్తుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పిల్లలతో మాట కలపడానికి ఇంతకంటే చవకైన, నమ్మదగిన పనిముట్టు మాకు దొరకలేదు. గ్రూపు తేల్చడానికి మాత్రం ఇది పనికిరాదు. అలా వాడిన చోటల్లా చెడుపే జరిగింది.

దీని వెనకున్నది జాన్ హాలండ్ 1959లో ముందుకు తెచ్చిన ఆలోచన. మనుషుల ఆసక్తుల్నీ, పనుల్నీ ఒకే ఆరు రకాలుగా చూడొచ్చన్నాడు. పిల్లలకు అర్థమయ్యేలా మేం వాటికి చేతిపని, శోధన, కళ, సేవ, వ్యాపారం, లెక్కాపత్రం అని పేర్లు పెట్టుకున్నాం. ఒక్కో రకానికి 10 ప్రశ్నలు. ప్రతి ప్రశ్నా ఒక పని పేరు మాత్రమే: ఇటుకలు, టైల్స్ పరచడం, కొత్త మందు కనిపెట్టడం, బొమ్మలు గీయడం, హైస్కూల్లో పాఠం చెప్పడం, సొంత వ్యాపారం పెట్టడం, ఉద్యోగుల జీతాలు లెక్కకట్టడం. అస్సలు ఇష్టం లేకపోతే 0, చాలా ఇష్టమైతే 4. ఒక రకానికి గరిష్ఠంగా 40. ఎక్కువ వచ్చిన మూడు రకాలు చూసుకోవాలి.

కాగితం మీద చేయించేవాళ్లు మొదట తప్పటడుగు వేసేది అచ్చు దగ్గరే. అసలు ప్రశ్నలు ఒక వరసలో ఉంటాయి: చేతిపని రెండు, శోధన రెండు, కళ రెండు, సేవ రెండు, వ్యాపారం రెండు, లెక్కాపత్రం రెండు. మొత్తం 12. ఇదే వరస ఐదుసార్లు తిరుగుతుంది. కాబట్టి జవాబు కాగితం మీద అడ్డంగా 12 గళ్లు, నిలువుగా 5 వరసలు గీయాలి. అప్పుడు మొదటి రెండు నిలువు గళ్లు కూడితే చేతిపని, తర్వాతి రెండు కూడితే శోధన, అలా సాగుతుంది. పిల్లలే రెండు నిమిషాల్లో కూడుకుంటారు. పేజీకి పది ప్రశ్నల చొప్పున మామూలుగా టైపు చేయిస్తే కూడికలు తప్పుతాయి, తప్పిన కూడికతోనే పిల్లలు ఇంటికి వెళతారు. ప్రశ్నల కాగితం వేరుగా ఉంచితే అది ఏటా పనికొస్తుంది. గళ్ల కాగితం ఒక్కటి జిరాక్స్ తీయించుకుంటే చాలు.

చదివి చెబుతూ చేయిస్తే 60 ప్రశ్నలకు ఒక పీరియడ్ పడుతుంది. కూడిక, మాట్లాడటం ఇంకో రోజు పెట్టుకోవాలి. రెండూ ఒకే రోజు పెడితే చివరి ఇరవై ప్రశ్నలకు పిల్లలు చూడకుండా రెండ్లు వేసేస్తారు. కాగితం కింది రెండు వరసల్లో ఒకే అంకె వరసగా కనిపిస్తే జరిగింది అదే.

తెలుగులోకి మార్చడం అనుకున్నంత తేలిక కాదు. జాజ్, ట్యాప్ డాన్స్ అంటే ఎవరికీ తెలియదు. దాన్ని కూచిపూడి, కోలాటం చేయడంగా మార్చాం. వంటింటి క్యాబినెట్లు కబోర్డులయ్యాయి. అడవి మంటలు ఆర్పడం ఫైరింజన్‌తో మంటలు ఆర్పడం అయింది. హేచరీలో చేపలు పెంచడం అన్న ప్రశ్నను మాత్రం ముట్టుకోనక్కర్లేకపోయింది. భీమవరం, ఆకివీడు వైపు పిల్లలకు అది అమెరికా పిల్లల కన్నా బాగా తెలుసు. ఇలా మార్చాక ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఈ మార్కుల్ని అసలు పరీక్ష మార్కులతో గానీ, పక్క పిల్లల మార్కులతో గానీ పోల్చకూడదు. ఒకే కాగితంలో ఆరు రకాల మధ్య తేడా ఒక్కటే చూడాలి.

అసలు చిక్కు భాషలో లేదు, పరువులో ఉంది. ప్రశ్న అడిగేది ‘ఈ పని చేయడం నీకు ఇష్టమా’ అని. పిల్లలు జవాబిచ్చేది ‘ఈ పని చేసేవాడికి ఊళ్లో మర్యాద ఉందా’ అన్నదానికి. తండ్రి తాపీమేస్త్రీ అయిన పిల్లల కాగితాలు కాస్త దగ్గరగా చూడండి. కబోర్డులు తయారుచేయడం 4, ఎలక్ట్రానిక్ విడిభాగాలు బిగించడం 4, తాళాలు బాగుచేయడం 3. ఇటుకలు, టైల్స్ దగ్గర మాత్రం పెన్సిలు కాగితాన్ని నొక్కేసినంత గట్టిగా సున్నా. ఆ సున్నా ఆసక్తిని చెప్పడం లేదు. ఎండలో నాన్న పడే కష్టం చూసి, నాకిది వద్దు అని చెబుతోంది. కూడికలో అది నాలుగు మార్కులు తగ్గిస్తుంది, చేతిపని మూడో స్థానం నుంచి నాలుగో స్థానానికి జారిపోతుంది. అందుకే మొత్తం చూసేముందు గళ్లు చూడాలి. ఒక రకంలో మిగతావన్నీ మూడు, నాలుగు ఉండి ఒక్కటే సున్నా ఉంటే, ఎందుకని విడిగా, మెల్లగా అడగాలి.

అసలు పరీక్షలో బ్యూటీ పార్లర్ లేదా మంగలి షాపు నడపడం అని ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు తరగతిలో పైకి చదవొద్దు. చదివిన మరుక్షణం కొన్ని తలలు ఒకే పిల్లవాడి వైపు తిరుగుతాయి, ఆ రోజుకి ఆ పిల్లవాడి కాగితం పాడైపోయినట్టే. మేం బ్యూటీ పార్లర్ నడపడం అని మాత్రమే ఉంచాం. పనిని కులంతో కట్టేసిన ఊళ్లో ఇలాంటి పరీక్ష చేయించేవాళ్లు ప్రతి ప్రశ్ననూ ఆ చెవితో ఒకసారి విని తీరాలి.

రెండో చిక్కు తెలియనితనం. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ పట్టని ఆడపిల్ల మిక్సీ, ఫ్యాను బాగుచేయడానికి 0 వేస్తుంది. షేర్ల కొనుగోలు, అమ్మకం అంటే ఏమిటో వినని పిల్లలు అక్కడ 2 వేస్తారు. ఇష్టం లేదనడం, తెలియదనడం ఒకటి కాదు. అసలు పరీక్షలో మధ్య మెట్టు ఉంది గానీ, పిల్లలు దాన్ని తప్పించుకోవడానికి వాడతారు. మేం ‘త’ అనే ఆరో గుర్తు చేర్చాం, తెలియదు అని. ఒక కాగితంలో ‘త’లు పదిహేను దాటితే కూడిక చేయించం. ఆ పనులు చూపించి, నెల తర్వాత మళ్లీ చేయిస్తాం. చూపించడం అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. సైన్స్ ల్యాబులో సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర, పాత స్విచ్ బోర్డు విప్పి మళ్లీ బిగించడం, మధ్యాహ్న భోజనం సరుకుల రిజిస్టరు ఒకరోజు రాయడం. ఆ రిజిస్టరు రాశాక లెక్కాపత్రం మార్కులు మారిన పిల్లలు తక్కువేం కాదు.

మూడోది అన్నీ ఇష్టమే అనే కాగితం. చేతిపని 34, శోధన 33, కళ 30, సేవ 36, వ్యాపారం 32, లెక్కాపత్రం 33 వచ్చిందనుకోండి. దీన్నిబట్టి సేవ మొదటిది, నర్సింగు చెయ్యి అని చెప్పేస్తే తప్పు. రెండు, మూడు మార్కుల తేడా తేడా కాదు. మంచి విద్యార్థి అన్నింటికీ సరే అంటాడు, అంతే. అలాంటి పిల్లలకు అరవైలోంచి, డబ్బులివ్వకపోయినా ఆదివారం చేస్తావా అంటే సరేననే ఆరు పనుల చుట్టూ గుండ్రంగా గీత గీయమంటాం, డబ్బిచ్చినా వద్దన్న ఆరింటిని కొట్టేయమంటాం. ఏ రకంలో ఎక్కువ గీతలు పడ్డాయో అదే వాళ్ల జవాబు.

ఇక ఫలితం వచ్చాక ఓ-నెట్ చూపించే ఉద్యోగాల జాబితా మనకు సగం కూడా పనికిరాదు. జీతాలు డాలర్లలో, చదువులు అమెరికావి. పని పేరు మాత్రం తీసుకుని, పదో తరగతి నుంచి అక్కడికి దారి మనమే రాసుకోవాలి. ఆ దారులన్నీ రాసిన గోడ చార్టు తయారుచేయడానికే మాకు పరీక్ష కన్నా ఎక్కువ కాలం పట్టింది. అసలు విలువ కూడా దీనిదే.

చేతిపని ముందున్నవాళ్లకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది అని రాశాం. పక్కనే పాలిటెక్నిక్ మూడేళ్ల డిప్లొమా, అక్కడి నుంచి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి బాణం గుర్తు వేశాం. ఇంజినీరు కావాలంటే ఇంటర్ తప్పదనే నమ్మకం ఆ ఒక్క బాణంతో పోతుంది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన ఆంధ్రప్రదేశ్ పాలీసెట్ 120 ప్రశ్నలు, రెండు గంటలు. గణితం 50, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 30. అంతా పదో తరగతి సిలబస్సే, కాబట్టి పబ్లిక్ పరీక్షలకు చదివిన చదువే అక్కడా పనికొస్తుంది. ట్రిపుల్ ఐటీల గురించి నూజివీడు, ఆర్‌కే వ్యాలీ, ఒంగోలు, శ్రీకాకుళం, తెలంగాణలో బాసర అని రాసి, ఆరేళ్ల చదువు, ప్రవేశం పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది అని ఎర్రసిరాతో రాశాం.

గ్రూపుల దగ్గర పిల్లలు అడిగేది ఏది తీసుకుంటే ఏ తలుపు మూసుకుపోతుందని. అందుకే చార్టును అటువైపు నుంచి రాశాం. ఐదేళ్ల లా, టీచరు శిక్షణ డిప్లొమా డీఈఎల్‌ఈడీ, సీఏ ఫౌండేషన్ ఏ గ్రూపుకైనా తెరిచే ఉంటాయి. బీఫార్మసీకి ఎంపీసీ, బైపీసీ ఇద్దరూ వెళ్లొచ్చు. సైనికాధికారుల శిక్షణ సంస్థ ఎన్‌డీఏలో వాయుసేన, నౌకాదళం కావాలంటే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి, సైన్యానికి ఏ గ్రూపైనా సరే. భవనాల రూపకల్పన చదువు బీఆర్క్‌కు గణితం తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ ఉన్న ఎంబైపీసీ వచ్చింది కాబట్టి గణితమా, జీవశాస్త్రమా తేల్చుకోలేనివాళ్లకు ఒక వెసులుబాటు దొరికింది. అయితే బరువు ఎక్కువ, సరదాకి తీసుకునే గ్రూపు కాదు.

చార్టు కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది: రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో తొమ్మిదో తరగతిలోనే చూపించుకో. రైలు లోకో పైలట్ కావాలని ఏళ్ల తరబడి కోరుకుని, వైద్య పరీక్షలో వర్ణాంధత్వం బయటపడితే ఆ పిల్లవాడికి ఎవరూ బదులు చెప్పలేరు. చుక్కల్లో అంకెలు చదివించే పరీక్ష కంటి వైద్యుడి దగ్గర ఐదు నిమిషాల పని.

సామర్థ్యం గురించి ఈ అరవై ప్రశ్నలు ఏమీ చెప్పవు. అది కావాలంటే సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తెచ్చిన తమన్నా అనే పరీక్ష ఉంది. భాష, అంకెలు, యంత్రాల తీరు వంటి ఏడు సామర్థ్యాలు చూస్తుంది. దాన్ని పాస్, ఫెయిల్ పరీక్షలా చూడకూడదని తయారుచేసినవాళ్లే చెప్పారు.

ఎప్పుడు చేయించాలన్నది మాకు ఆలస్యంగా తెలిసింది. ఫలితాలొచ్చాక చేయిస్తే ఎవరూ వినరు. డిసెంబరు నుంచి ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు, సంక్రాంతికల్లా చాలామంది అడ్వాన్సు కట్టేసి ఉంటారు. కట్టిన డబ్బు వెనక్కి రాదని గ్రూపు మార్చుకోని ఇళ్లున్నాయి. కాబట్టి తొమ్మిదో తరగతి ఫిబ్రవరిలో ఒకసారి, పదో తరగతి జూలైలో రెండోసారి. రెండు కాగితాల్లోనూ పైనున్న రెండు రకాలు అవే అయితే నమ్మొచ్చు. మారితే ఇంకా మాట్లాడాలి. నిండిన కాగితాలు, పిల్లల ఫోన్ నంబర్ల జాబితా బీరువాలో తాళం వేసి ఉంచండి. వాటి కోసం స్టాఫ్ రూముదాకా వచ్చేవాళ్లు ఉన్నారు.

తల్లిదండ్రులతో కూర్చునేది నవంబరులో, ఒక్కో ఇంటికి ఇరవై నిమిషాలు. మార్కుల పట్టిక, ఆరు రకాల మొత్తాలు ముందు బయటపెట్టం. పిల్ల ఇష్టమని గుండ్రంగా గీత గీసిన ఆరు పనుల్ని తనచేతే అమ్మానాన్నలకు చదివి వినిపించమంటాం. తర్వాత ఒక కాగితంలో రెండు దారులు రాసి, ఒక్కోదానికి ఏడాది ఫీజు, హాస్టలా బస్సా, బస్సయితే ఆఖరి బస్సు ఎన్నింటికి, మొదటి సంపాదన ఎన్నేళ్లకు అని నాలుగు గళ్లు నింపుతాం. ఆడపిల్లల విషయంలో చాలా ఇళ్లలో అన్నిటికన్నా ముందు నిండేది ఆఖరి బస్సు గడే. ఆ గడి ఖాళీగా ఉన్నంతసేపు గ్రూపు గురించి ఎంత చెప్పినా ఆ తల్లికి వినపడదు, అందుకే డిపోకి ఫోన్ చేసి సమయం ముందే కనుక్కుని ఉంచుకుంటాం.