అమ్మకి పెట్టుకున్న హోమ్ నర్సింగ్: ఏడు నెలలు, 5కి 3 స్టార్లు

ఏజెన్సీ పేరు రాయడం లేదని ముందే చెప్పేస్తున్నాను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, వాళ్లు పంపిన మనిషి ఇంకా మా ఇంట్లోనే ఉంది. అయినా విజయవాడలో ఇలాంటి ఆఫీసులు వీధికొకటి ఉన్నాయి. నేను అడిగిన నాలుగైదు చోట్లా పద్ధతి ఇంచుమించు ఒకటే కాబట్టి మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా ఇది పనికొస్తుందనుకుంటున్నాను.

మా అమ్మకి 78. పటమటలో మూడో అంతస్తులో ఉంటాం. జూలైలో ఒకరోజు తెల్లవారుజామున బాల్కనీలో తులసికోటకి నీళ్లు పోసి, కింద ఒలికిన ఆ నీళ్ల మీదే జారింది. ఎడమ తుంటి విరిగింది. మర్నాడు ఆపరేషన్ చేసి తుంటి బంతి మార్చారు, ఆ మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు, వారం తిరక్కుండా ఇంటికి పంపేశారు. ఇన్సూరెన్స్ ఆపరేషన్ ఖర్చు ఇచ్చింది. ఇంట్లో చూసుకునే మనిషికి మాత్రం పైసా రాదన్నారు. నేను ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. పొద్దున ఎనిమిదికి వెళ్తే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఐదున్నరకి. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. డబ్బు వాడిది, తిప్పలు నావి అని మాట్లాడుకుని ఏజెన్సీకి ఫోన్ చేశాం.

బోర్డు మీద నర్సులు అని పెద్దక్షరాలతో ఉంటుంది. లోపలికి వెళ్లాక తెలిసింది, వచ్చేవాళ్లలో చాలామంది నర్సులు కారని. నర్స్ అంటే జీఎన్ఎం అనే డిప్లొమా మూడేళ్లో, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లో చదివినవాళ్లు. ఏఎన్ఎం అయితే రెండేళ్లు. ఇంజెక్షన్లు, యూరిన్ ట్యూబ్, ముక్కు గొట్టం, పుండ్లకి డ్రెస్సింగ్ ఉంటే వాళ్లు కావాలి, నెలకి దానికి తగ్గట్టే అడుగుతారు. మా అమ్మలా లేపడం, కూర్చోబెట్టడం, స్నానం, బాత్‌రూమ్, టైముకి మాత్రలు అయితే అటెండెంట్ చాలు. అయితే ఫోన్లో అందర్నీ "సిస్టర్" అనే అంటారు, ఏ సిస్టరో మనమే అడిగి తెలుసుకోవాలి. మేం 24 గంటల అటెండెంట్‌ని తీసుకున్నాం. నెలకి 26,000, రిజిస్ట్రేషన్ 3,000, అది తిరిగి ఇవ్వరు. తిండి, పడక మనవే. ఆధార్ కాపీ అడిగితే ఇచ్చారు. పోలీస్ వెరిఫికేషన్ కాగితం అడిగితే "పంపిస్తాం మేడమ్" అన్నారు, ఏడు నెలలైంది, ఇంకా పంపిస్తూనే ఉన్నారు.

మొదట వచ్చినామె గురించి నేను అప్పట్లో రివ్యూ రాసి ఉంటే 5కి 5 ఇచ్చేదాన్ని. యాభై ఏళ్లుంటాయి, మెత్తటి మనిషి. అమ్మ నోరు తెరిచి అడిగే లోపల గ్లాసు చేతికి వచ్చేది. అన్నం కలిపి ముద్దలు పెట్టేది. తలదువ్వడం, జాకెట్ తొడగడం, కళ్లజోడు తుడిచి పెట్టడం, ఆఖరికి టీవీ ఛానల్ మార్చడం కూడా ఆమే. బాత్‌రూమ్‌కి నడిపించడం ఎందుకని డైపర్ వేసేసేది. రోజుకి మూడు. తమ్ముడు హాల్లో ఒక కెమెరా పెట్టించాడు. డాలస్‌లో కూర్చుని అది చూసి "అక్కా, మనకి దేవత దొరికింది" అన్నాడు. అమ్మ కూడా పక్కింటివాళ్లతో, "నా కూతురు కూడా ఇంత చెయ్యదు" అని నేను వింటుండగానే చెప్పింది.

ఫిజియోథెరపీ అబ్బాయి వారానికి మూడుసార్లు వచ్చేవాడు, సారికి 500. వచ్చిన కొత్తలో అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మూడు మీటర్ల దూరంలో నేల మీద టేప్ అతికించి, లేచి వాకర్‌తో అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చి కూర్చోమన్నాడు. ఫోన్లో టైమ్ పెట్టాడు. 48 సెకన్లు. మామూలుగా పెద్దవాళ్లకి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్కట. ఆపరేషన్ అయిన కొత్తలో 48 అంటే కంగారు పడక్కర్లేదు, తగ్గుతుంది అన్నాడు. ఐదు వారాల తర్వాత మళ్లీ పెడితే 61 వచ్చింది. రెండుసార్లు పెట్టి చూశాడు. నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నానా రోజు. "ఈవిడ రోజుకి ఎన్నిసార్లు తనంతట తను లేస్తుందండీ?" అని అడిగాడు. నేనూ మొదటామే ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచానికే ఉంటే పెద్దవాళ్ల కండ కుర్రవాళ్ల కండలా ఉండదట, రోజుల్లోనే కరుగుతుందట.

అదే వారం ఇంకోటి కనిపించింది. నడుం కింద, పిరుదుల మధ్య ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఫర్వాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే అది పుండుకి మొదలు. అమ్మది నొక్కినా తెల్లబడలేదు. మొదటామె పాపం అక్కడ రోజూ పౌడర్ వేసి గట్టిగా రుద్దుతోంది, రక్తం ఆడుతుందని. రుద్దకూడదట, లోపల ఇంకా నలుగుతుందట. చెయ్యాల్సింది ఆ చోట బరువు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి దిండు పెట్టడం, తడి లేకుండా చూడడం. గాలిపరుపు కొన్నాం కదా అని ధీమాగా ఉన్నాను నేను. ఆ పరుపు కింద, సరిగ్గా తుంటి దగ్గర, అరచెయ్యి పెట్టి చూడండి. మనిషి ఎముక చేతికి తగిలితే అందులో గాలి చాలట్లేదన్నట్టు. మాకు తగిలింది.

సెప్టెంబర్‌లో మొదటామె కూతురి పురుడుకని వెళ్లిపోయింది. అమ్మ ఒకపూట అన్నం మానేసింది.

రెండో ఆమెది పలాస దగ్గర ఊరు. నలభై దాటలేదు గానీ వేళ్లు చూస్తే అరవై అనిపిస్తాయి. చిన్నప్పట్నుంచి జీడిపిక్కలు కొట్టిందట, ఆ జీడి నూనెకి గోళ్ల చుట్టూ నల్లగా పట్టేసింది. తర్వాత ఒక ఆసుపత్రి వార్డులో ఆయాగా నాలుగేళ్లు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. వచ్చిన రెండో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం అంచున కూర్చుని జాకెట్ హుక్కులు పెట్టుకుంటోంది. చేతులు వణుకుతున్నాయి. మొదటి హుక్కు రెండో కాజాలోకి వెళ్లింది, మళ్లీ తీసింది. ఈమె ఎదురుగా స్టూల్ మీద చేతులు కట్టుకుని కూర్చుని చూస్తోంది. నాకు ఒళ్లు మండి ముందుకెళ్లి చెయ్యి పెట్టబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండమ్మా, ఆవిడే పెట్టుకుంతాది. పది నిమిషాలు పడితే పట్టనీండి, ఎక్కడికెళ్లాలేటి?"

నాలుగు హుక్కులకి పద్నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. అమ్మ ఏడుపు మొహం పెట్టింది, ఆమె కదల్లేదు.

రాత్రి తమ్ముడు ఫోన్. వాడు కెమెరాలో రోజంతా చూశాడట. "అమ్మ వాకర్ పట్టుకుని కిందామీదా పడుతుంటే ఆవిడ పక్కన ఊరికే నడుస్తోంది, 26 వేలు ఎందుకిస్తున్నాం?" అని. నాకూ అదే అనిపించింది. మర్నాడు ఏజెన్సీకి ఫోన్ చేసి మనిషిని మార్చమని అడిగాను. రీప్లేస్‌మెంట్‌కి 1,500 కట్టాలి, పది రోజులు పడుతుంది అన్నారు. కట్టాను. పది రోజులు ఇరవై అయ్యాయి, ఎవరూ రాలేదు, ఫోన్ ఎత్తడమే మానేశారు. వాళ్ల చేతగానితనం మా అమ్మకి ఎంత మేలు చేసిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ 1,500 మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఆ ఇరవై రోజుల్లో ఆమె పగటిపూట డైపర్ మాన్పించింది. రెండు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా, లేపి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లేది. కమోడ్ ఎత్తు పెంచే సీటు ఒకటి కొనమంది, తుంటి మార్చినవాళ్లు మరీ కిందికి కూర్చోకూడదని. పక్కన గోడకి పట్టుకునే రాడ్ బిగించమంది. ఎరుపు మచ్చ పదిహేను రోజుల్లో పోయింది. అమ్మ బాత్‌రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం మానేసిందని కనిపెట్టింది కూడా ఆమే. మా ఎవరికీ తట్టలేదు. ఒక సీసా మీద స్కెచ్ పెన్‌తో గీతలు పెట్టి, పన్నెండుకి ఇక్కడికి, నాలుగుకి ఇక్కడికి అని లెక్క పెట్టింది. సాయంత్రం చీకటి పడకముందే అన్ని లైట్లూ వేసి, కళ్లజోడు పెట్టించేది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో అమ్మకి సంధ్యవేళ తికమకగా ఉండేది. వార్డులో ఆవులు తిరుగుతున్నాయనేది. ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో చాలామందికి ఇలా అవుతుందని డాక్టర్ చెప్పారు గానీ, లైట్లు, కళ్లజోడు సంగతి ఈమె చేసి చూపించింది.

తిండి విషయంలో గొడవ పెద్దది. అమ్మకి చారన్నం, మజ్జిగన్నం తప్ప ఏదీ దిగదు. ఈ వయసులో కిలో బరువుకి రోజుకి కనీసం ఒక గ్రాము ప్రొటీన్ ఉండాలట, అమ్మ 51 కిలోలు. చారులో ఏముంటుంది? ఇప్పుడు పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టిపప్పు, పెరుగు గరిటెడు ఎక్కువ. గుడ్డు ఊసెత్తితే కొట్టేలా చూస్తుంది, వదిలేశాం.

అక్టోబర్‌లో ఒకరోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, పలాస ఆమెని తిడుతోంది. కాయలు ముదురువి తెచ్చిందట. తుంటి విరిగాక అమ్మ ఎవరినైనా తిట్టడం నేను మొదటిసారి విన్నాను. బయట గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఇక ఏజెన్సీ సంగతి. 24 గంటలు అంటే రాత్రంతా మేలుకుని ఉంటారని అనుకోకండి. అలా ఎవరి వల్లా కాదు. రాత్రి రెండు మూడుసార్లు లేచే మనిషికి పగలు కూడా విశ్రాంతి కావాలి. అగ్రిమెంట్‌లో వారానికి సెలవు అన్న మాటే లేదు. మేం మాట్లాడుకుని ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు నేను చూసుకుంటున్నాను, ఆమె బయటికెళ్లి వస్తుంది. మేం కట్టే 26,000లో ఆమె చేతికి వచ్చేది 15,500 అని మూడో నెలలో తెలిసింది. నేరుగా పెట్టుకుందామంటే, ఏజెన్సీకి తెలియకుండా పెట్టుకుంటే రెండు నెలల ఫీజు జరిమానా అని కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాను. చదవకుండా పెట్టాను, తప్పు నాదే. మీరు చదవండి. ఇంకో మాట, మాత్రల డబ్బా ఎవరు నింపుతారో ముందే తేల్చుకోండి. మా ఇంట్లో ఆదివారం ఆదివారం నేనే నింపుతాను, ఆమె ఇచ్చి టిక్ పెడుతుంది.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లాలని ఆమె నెల ముందే చెప్పింది. ఏజెన్సీ "నో టెన్షన్ మేడమ్, మంచి ట్రెయిన్డ్ అమ్మాయిని పంపిస్తాం" అంది. భోగి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది ఆ ట్రెయిన్డ్ అమ్మాయి. పంతొమ్మిదేళ్లు. బస్సులో వాంతులయ్యాయట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా అంటే ఇదే మొదలు అంది. మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. కమోడ్ కుర్చీ చక్రాలకి లాక్ వెయ్యకుండానే ఆ పిల్ల అమ్మని కూర్చోబెట్టబోతోంది. అమ్మ వాకర్ పట్టుకుని నిలబడి, "ముందు ఆ చక్రాలకి లాక్ వెయ్యి తల్లీ. నన్ను చంకల కింద పట్టి లేపకు, నేనే లేస్తాను, నువ్వు పక్కన ఉంటే చాలు" అని నేర్పిస్తోంది. ఆ పది రోజులూ ఎవరు ఎవర్ని చూసుకున్నారో నేను చెప్పలేను. పండగ పూట ఆ పిల్లకి జడ వేసింది అమ్మే.

మంచి మనిషిని పంపింది వాళ్లే కాబట్టి మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆఫీసుకి విడిగా ఇమ్మంటే ఒకటిన్నర. డబ్బు విలువ చేసిందా అంటే, పలాస ఆమె ఉన్నంతకాలం చేసింది, చేస్తోంది. మొదటామెని తప్పు పట్టను, ఆమెకి ప్రేమ ఉంది, నేర్పినవాళ్లు లేరు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి మంచి అటెండెంట్‌ని ఎలా గుర్తుపట్టాలి అని అడిగితే, పెద్దావిడ చేత హుక్కులు పెట్టించే మనిషైతే మార్చకండి అంటున్నాను. తమ్ముడు కెమెరా తీయించేశాడు.

పోయిన వారం ఫిజియో అబ్బాయి మళ్లీ టేప్ దగ్గర టైమ్ పెట్టాడు. 22 సెకన్లు, చేతికర్రతో. అమ్మ ఇప్పుడు బాల్కనీలోకి వెళ్లి తులసికోటకి తనే నీళ్లు పోస్తానంటోంది. పలాస ఆమె పొయ్యనీండి అంటుంది. చెంబు దాచేశాను నేను. రోజూ పొద్దున్నే ముగ్గురికీ ఇదే గొడవ.