ఐబీఎమ్ 350 డిస్క్: 5 ఎంబీ కూడా లేదు, అయినా నా మార్కులు దీనికే

1956లో వచ్చిన డిస్క్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అనకండి, దీని ఫొటో చూసి ఇంత పెద్ద బీరువాలో ఇంతేనా అని నవ్వుకోవడమే తప్ప అది అసలు ఏం చేసిందో ఎవరూ పట్టించుకోవట్లేదు. అమెరికాలోని శాన్ హోసేలో ఐబీఎమ్ ఇంజనీర్ రేనాల్డ్ జాన్సన్ టీమ్ రామాక్ 305 కంప్యూటర్ కోసం చేసిన యూనిట్ ఇది, 24 అంగుళాల ప్లేట్లు 50, నిమిషానికి 1200 సార్లు తిరుగుతాయి, పట్టేది 50 లక్షల అక్షరాలు, ఒక్కోటి 6 బిట్లు కాబట్టి ఇప్పటి లెక్కలో 3.75 ఎంబీ. తక్కువే, కానీ అప్పట్లో డేటా దాచే, చిల్లులు పొడిచిన అట్టముక్కలు, అంటే పంచ్ కార్డులతో పోల్చండి, కార్డుకి 80 అక్షరాలంటే 62,500 కార్డులు! పైగా ఒక్క కస్టమర్ ఖాతా కోసం కట్టలన్నీ సార్ట్ చేసుకుంటూనో, టేపు మొదట్నించి తిప్పుకుంటూనో కూర్చోక్కర్లేదు, నేరుగా ఆ ఖాతా ఉన్న ట్రాక్ (ప్లేటు మీద డేటా ఉండే గుండ్రటి గీత) దగ్గరికే పోతుంది.

పోయే తీరు చూస్తేనే ఓపిక నశిస్తుంది. 100 వైపులకీ కలిపి డేటా చదివే, రాసే హెడ్లు రెండే, ఒకటి పైకి ఒకటి కిందకి చూస్తూ ఒకే ఆర్మ్‌కి ఉంటాయి. వేరే ప్లేటు కావాలంటే ఆర్మ్ మొత్తం బయటికి రావాలి, లిఫ్ట్‌లా పైకో కిందకో జరగాలి, మళ్లీ రెండు ప్లేట్ల సందులోకి దూరాలి. సగటున 600 మిల్లీసెకన్లు. హెడ్ ప్లేటుకి తగలకుండా కంప్రెసర్ గాలి ఊదుతూనే ఉండాలి, అలాంటప్పుడు ప్రతి వైపుకీ ఒక హెడ్ అంటే ఎంత గాలి కావాలో మీరే ఆలోచించండి. 1961లో ఐబీఎమ్ తర్వాతి డిస్క్ 1301 వచ్చాకే తిరిగే ప్లేటు లాగే గాలి మీద హెడ్ తనంతట తాను తేలింది, వైపుకో హెడ్ పెట్టారు, ఈ ఎక్కడం దిగడం పోయింది.

నాకు బాగా నచ్చింది మాత్రం ప్లేట్ల మీద డేటా నిలిచే అయస్కాంత కోటింగ్ కథ. ఐరన్ ఆక్సైడ్ పెయింట్‌ని ఆడవాళ్ల స్టాకింగ్స్‌లో వడకట్టి, తిరుగుతున్న ప్లేటు మధ్యలో పేపర్ కప్పుతో పోసేవాళ్లు, అది అంచుదాకా పల్చగా పరుచుకునేది. ల్యాబ్‌లో ఇలాంటి నాటు పని చేసి బయటికి ఇంత మెషీన్ తెచ్చారంటే దండం పెట్టాలి.

అప్పట్లో మొత్తం సిస్టమ్ అద్దె నెలకి 3,200 డాలర్లు, ఈ డిస్క్ యూనిట్ బరువే టన్ను దాకా, చిన్న ఆఫీసులు అటు చూడక్కర్లేదు. కెపాసిటీ ఒక్కటే కావాలంటే 1980లో ఐబీఎమ్ ప్రకటించిన 3380 డిస్క్ ఉంది, 2.52 జీబీ, దాని లెవెలే వేరు. 350కి నేనిచ్చేది 5కి 4, ఆ ఒక్కటీ కోసింది ఆర్మ్ వల్లే.