మూరెడు గోడ, ముప్పై మీటర్ల వైరు: మా ఇంటి వైఫైతో నాలుగేళ్లు

మాది కడపలో పాత మిద్దె. ముందు హాలు, వెనక వంటిల్లు, దాని పక్కన ఒక గది. మధ్యలో మా తాత కట్టించిన రాతిగోడ, మూరెడు మందం. మే నెలలో ఆ వెనక గది చల్లగా ఉందంటే ఆ గోడ పుణ్యం. అక్కడికి వైఫై రాలేదంటే ఆ గోడ పాపం. ఈ రెండో సంగతి తెలిసేసరికి నాకు ఏడాది గడిచింది, రెండు వేలకు పైగా దండగైంది.

2021లో ఫైబర్ కనెక్షన్ పెట్టించాం, వంద ఎంబీపీఎస్ స్పీడు ప్లాను. వైరు వీధి కిటికీలోంచి వచ్చింది కాబట్టి కంపెనీ అబ్బాయి రౌటర్ పెట్టెను అక్కడే, టీవీ వెనక, మేకుకు తగిలించిపోయాడు. పక్కనే ఇనుప బీరువా. మా ఆవిడ బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. వెనక గదిలో మీటింగ్‌లో కూర్చుంటే బొమ్మ నిలబడిపోయేది, అవతలి వాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది. కంప్లైంట్ ఇస్తే వచ్చినతను పెట్టె వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "రౌటర్ మార్చాల్సిందే సార్, పాతబడింది" అన్నాడు. పెట్టి అప్పటికి పది నెలలు!

ఆ మాట మింగుడు పడక ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా పెట్టెకు తగిలించి స్పీడ్ టెస్ట్ చేశా. 94. అంటే బయటి నుంచి రావాల్సింది వస్తోంది, కారిపోతున్నది ఇంట్లోనే. రౌటర్ మార్చాలా వద్దా అని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఈ పరీక్షే. వైరులో కూడా స్పీడు లేకపోతే తగువు కంపెనీతో, ఉంటే తగువు మన గోడలతో.

మరుసటి రోజు సిగ్నల్‌ను అంకెల్లో చూపించే యాప్ వేసుకుని ఇల్లంతా తిరిగా. ఆ అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. హాల్లో మైనస్ 44 డీబీఎం. గుమ్మంలో నిలబడితే 58. ఒక్క అడుగు పక్కకేసి గోడ చాటుకు పోతే 71. వెనక గదిలో మంచం మీద 84. పది పడిపోయిందంటే బలం పదో వంతుకు వచ్చినట్టు. ఆ లెక్కన హాల్లో ఉన్నదాంట్లో పదివేలవ వంతు మంచం దాకా చేరుతోంది. 67 దాటి దిగజారితే వీడియో కాల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఫోను గోడలకు ఆనించుకుంటూ నేను తిరుగుతుంటే మా అమ్మ, "ఏం పోగొట్టుకున్యావు నాయనా, అట్ల ఎతుకుతాండావు?" అనింది.

ముందు పైసా ఖర్చు లేని పనులు చేశా. పెట్టెను బీరువా పక్కనుంచి తీసి గుమ్మానికి ఎదురుగా ఉన్న అరలో పెట్టా. మా సందులో పన్నెండు ఇళ్ల వైఫైలు కనిపిస్తాయి, సగం ఒకే ఛానెల్‌లో, అంటే గాలిలో ఒకే దారిలో. దూరం పోయే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తొక్కకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే, వాటిలో ఖాళీగా ఉన్నదానికి మార్చా. 84 కాస్తా 76 అయింది. రెండో బ్యాండ్, 5 గిగాహెర్ట్జ్, హాల్లో గుర్రంలా పరుగెత్తేది కానీ రాతిగోడ దగ్గరికొస్తే సోదిలో లేదు.

తర్వాత చేసిన తప్పు రిపీటర్, అంటే అందిన వైఫైనే పట్టి మళ్లీ ముందుకు పంపే పెట్టె, 1,700 రూపాయలు. వెనక గదిలో పెడితే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపించాయి, స్పీడు మాత్రం 15. ఒకే రేడియోతో అటు విని ఇటు చెప్పాలి కాబట్టి వేగం ఎలాగూ సగమవుతుంది. పైగా నేను దాన్ని సిగ్నలే లేని చోట పెట్టా. ఎండిన బోరులోకి మోటారు దించినట్టు.

చివరికి పని చేసింది లాన్ వైరు, ముందు పెట్టె నుంచి వెనక గదికి నెట్ మోసుకొచ్చేది. రాతిగోడకు బెజ్జం వేసే ధైర్యం లేక మిద్దె మీదుగా, పిట్టగోడ వెంబడి ముప్పై మీటర్లు లాగాను. వంద మీటర్ల దాకా దీనికి ఢోకా లేదు. వెనక గదిలో 2,400 పెట్టి మామూలు రౌటర్ ఒకటి కొని, యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచేదిగా మార్చి, వైఫై పేరు, పాస్‌వర్డ్ ముందుదానివే ఇచ్చా. ఆ రోజు నుంచి మంచం మీద స్పీడు 90. మొదట కొన్న 600 రూపాయల వైరు మాత్రం అల్యూమినియం తీగ మీద రాగి పూత. మన ఎండలకు ఏడాదిన్నరలో పైతొడుగు పగిలింది, కోతి ఒకటి లాగేసరికి లోపలి తీగ పుటుక్కుమంది. రెండోసారి అసలు రాగిది, బయట వాడే నల్ల తొడుగుది వేయించా. అది ఇంతవరకు తెగలేదు.

ఇక ఎండ సంగతి. చాలా రౌటర్ల కాగితం మీద 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది, మన మే నెల అది దాటుతుంది. వెనక రౌటర్‌ను సజ్జ మీద పెట్టిన మొదటి ఏడాది మధ్యాహ్నం రెండయితే చాలు, దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. కిందికి దించి కడప బండ అరలో పెట్టా, ఆ గోల పోయింది. కరెంటు పోయినప్పుడు రెండు పెట్టెలకూ చెరొక 12 వోల్టుల మినీ యూపీఎస్. కొత్తలో నాలుగు గంటలు వచ్చేది, ఇప్పుడు గంటన్నర వస్తే గొప్ప.

రౌటర్ మార్చక తప్పని రోజు కూడా వచ్చింది. 2024లో ప్లాను 200కు పెంచితే ముందు హాల్లో 190, వెనక మళ్లీ అదే 94. వెనక రౌటర్‌కున్న, వైరు గుచ్చే పోర్టులు వంద దాటనివ్వవు. కొనేటప్పుడు డబ్బా మీది రంగుల అంకెలు చూశానే గానీ పోర్టు సంగతి చూడలేదు. 3,600 పెట్టి వెయ్యి దాకా పోయే గిగాబిట్ పోర్టులున్న వైఫై 6 ది తెచ్చా. అయినా 94! వైరు చివర క్లిప్పు కొట్టినతను ఎనిమిది తీగల్లో నాలుగే కలిపాడు, వందకు అవి చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ముప్పై రూపాయలిచ్చి మళ్లీ కొట్టిస్తే 185 వచ్చింది.

ఇంకా తీరనిది ఒకటుంది. హాల్లోంచి వెనక్కి నడుస్తూ కాల్ మాట్లాడితే నా ఫోను ముందు పెట్టెనే పట్టుకుని వదలదు, గోడ దాటాక గొంతు తెగుతుంది. ఒకే జట్టుగా పని చేసే మెష్ రౌటర్లు కొంటే కొంత తగ్గుతుందంటారు. దానికి పెట్టే డబ్బుతో ముందు ఆ యూపీఎస్ బ్యాటరీలు మార్చమంటోంది మా ఆవిడ.