బెర్నినా రైలు: తిరుపతి నుంచి వెళ్లేవాళ్లకు

ఒకప్పుడు మన పాకాల–ధర్మవరం లైన్లో ఉన్న మీటర్ గేజే (పట్టాల మధ్య ఒక మీటరు దూరం) స్విట్జర్లాండ్‌లోని బెర్నినా లైనుదీ. స్విస్ ఊరు కూర్ నుంచి ఇటలీలోని టిరానో దాకా 55 సొరంగాలు, 196 వంతెనలు, సుమారు 4 గంటలు. నిటారు కొండ రైళ్లు పట్టాల మధ్య పట్టుకు వాడే పళ్ల చక్రం సాయం లేకుండానే సముద్రమట్టానికి 2,253 మీటర్ల ఎత్తుకు ఎక్కేస్తుంది. అద్భుతం!

టికెట్ ఉన్నా ఈ దారిలో తిరిగే పర్యాటకుల రైలు బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కు సీటు రిజర్వేషన్ విడిగా కొనాలి. అద్దాలు పెద్దవే, కానీ తెరుచుకోవు. ఫొటోల్లో మన మొహాలే పడతాయి. అదే పట్టాల మీద తిరిగే మామూలు రైలుకు రిజర్వేషన్ అక్కర్లేదు. మధ్యలో రైలు మారాలి, అయినా నా ఓటు దానికే. కొన్ని పెట్టెల్లో కిటికీ దించుకోవచ్చు. కూర్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు, వెనక పెట్టెలో కూర్చోండి. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన మీద ముందు పెట్టెలు వంపు తిరిగి నేరుగా కొండ గోడలోకి దూరిపోవడం కనిపిస్తుంది.

టిరానోలో పిట్సోక్కెరి తప్పక తినాలి. బక్‌వీట్ అనే గింజల పిండి పట్టీలు, బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్, వెల్లుల్లి వేగిన వెన్న. రంగు రాగి సంగటిని గుర్తుచేస్తుంది, కారం మాత్రం ఉండదు. చల్లారితే చీజ్ బిగుసుకుని ముద్దైపోతుంది, వేడిగానే లాగించండి. స్విస్ వైపు బార్లీ సూప్‌లో తరచూ మాంసం ముక్కలు వేస్తారు, శాకాహారులు అడిగి తీసుకోవాలి.

దిగేది వేరే దేశంలో. పాస్‌పోర్టు హోటల్లో వదలొద్దు.