ఐదు తీగల బేస్ గిటార్: పరీక్షంతా బీ తీగ దగ్గరే

ఐదు తీగల బేస్ చేతికి తీసుకున్నప్పుడు నేను ముందుగా చూసేది దాని రంగునో చెక్కనో కాదు, నాలుగు తీగల బేస్‌లో లేని ఆ మందపాటి బీ తీగనే. విడిగా మీటితే అది సుమారు 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత మంద్రంలో స్వరం స్పష్టంగా వినిపించాలంటే తీగకు తగిన బిగువు ఉండాలి. నా మొదటి వాద్యంలో కొరవడింది అదే. మెడమీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో, అంటే ఫ్రెట్లలో, మూడోదాని దగ్గర డీ స్వరం మీటితే తీగ వదులుగా ఊగి ఫ్రెట్లకు తగిలి గరగరలాడేది. 0.125 అంగుళాల మందమున్న తీగ తీసేసి 0.130 తీగ వేయించాక కొంత నయమైంది కానీ, కొనేముందే ఆ ఒక్క స్వరాన్ని గట్టిగా మీటి చూసి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

స్కేలు పొడవు, అంటే తీగ కంపించే భాగం పొడవు, 34 అంగుళాలకు బదులు 35 ఉంటే, అదే తీగకు అదే శ్రుతిలో బిగువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. అయితే మొదటి ఫ్రెట్ల దగ్గర వేళ్లు మరింత చాచవలసి వస్తుంది గనుక, చిన్న చేతులవారికి చక్కగా తయారైన 34 అంగుళాల వాద్యమే మేలని నా అభిప్రాయం. బ్రిడ్జి (వాద్యం ఒంటిమీద తీగలు ఆనే భాగం) వద్ద తీగల ఎడం 19 మిల్లీమీటర్లుంటే స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టే పద్ధతి) వాయించడానికి హాయిగా ఉంటుంది, 16.5 అయితే బొటనవేలు పక్క తీగకు తగులుతూ ఉంటుంది.

బరువును కూర్చుని అంచనా వేయకూడదు. పట్టీతో భుజానికి తగిలించుకుని చేయి వదిలితే తలభాగం నేలవైపు వాలిపోయే వాద్యాన్ని, ధ్వని ఎంత బాగున్నా, నేను పక్కన పెట్టేస్తాను.