జయపురంలో టైర్లు మార్చేవాళ్లూ, సైజు ఒక్కటే చూసి మోసపోకండి

షాపు పేరు రాయను. ఒడిశాలోని ఈ జయపురంలో మన తెలుగువాళ్లం అందరం వెళ్లేదే, మీకు తెలిసిపోతుంది. సెవెన్ సీటర్‌కి నాలుగు టైర్లు, యాభై వేలు దాటిన బిల్లు. సైజు 235/60 ఆర్18, కరెక్టే. పాత టైరు మీద సైజు పక్కన 107, ఎక్స్‌ఎల్ (అంటే ఎక్కువ బరువు మోసే రకం) అని ఉంది. కొత్తవాటి మీద 103, ఎక్స్‌ఎల్ లేదు. నాలుగూ బిగించేశాక గానీ మన కళ్లు తెరుచుకోలేదు.

107 అంటే ఒక్కో టైరు 975 కిలోలు మోస్తుంది. 103 అంటే 875. చక్రానికి వంద కిలోలు నొక్కేశాడన్నమాట.

అడిగితే కుర్చీలోంచి లేవకుండా కాలిక్యులేటర్ తీశాడు. "నాలుగు ఎనిమిదొందల డెబ్బై అయిదులు మూడువేల అయిదొందలు. మీ బండి మనుషులతో కలిపి రెండువేల ఆరొందలు దాటదు. ఇంకేటి బాబూ మీ బాధ? అంకెలు చదువుకుంటూ బండి నడుపుతారేటి?" పనికుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ లెక్కకి ఒక్క నిమిషం నేనూ తలూపాను చూడండి, అదీ నా తెలివి.

ఆ లెక్క బండి షెడ్డులో ఉన్నప్పటిది! సుంకి ఘాటీ కొండదారి దిగుతూ బ్రేకు తొక్కితే బరువు ముందు చక్రాల మీదకి తోసుకొస్తుంది. మలుపు తిరిగితే అందులోనూ బయటివైపు చక్రం మీద పడుతుంది. అప్పుడే గొయ్యి తగిలిందా, టైరు పక్కగోడ రిమ్ముకీ గొయ్యి అంచుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, బుడిపె లేస్తుంది. దానికి ప్యాచీ ఉండదు, టైరు పారేయడమే. "గాలి ఎక్కువ కొట్టించండి, సరిపోద్ది" అని ఓ సలహా కూడా పడేశాడు. మామూలు టైరు మోసే లెక్క 36 పీఎస్ఐ దగ్గర ఆగిపోతుంది, ఎక్స్‌ఎల్‌కి 42 దాకా ఉంటుంది. ఆపైన ఎంత కొట్టినా మోసే బరువు పెరగదు, రోడ్డుని పట్టుకునే మేర తగ్గుతుంది.

మారుతి 800 రోజుల్లో ఈ గొడవ లేదు. బండే సుమారు 650 కిలోలు. 145/70 ఆర్12 టైరు, అంకె 69, అంటే 325 కిలోలు, చాలినంత మిగులు. మా సెవెన్ సీటర్ లాంటిది దానికి రెండున్నర రెట్ల పైమాటే. తలుపుల్లో ఉక్కు కడ్డీలు, ఎయిర్‌బ్యాగులు, సన్‌రూఫ్, మూడో వరస సీట్లు. ఎలక్ట్రిక్ అయితే కింద బ్యాటరీయే కొన్ని వందల కిలోలు. బండ్లు పెరిగాయి, ఈయన బుర్ర మాత్రం 800 దగ్గరే పార్కింగులో ఉంది.

ఇంకోటుంది. టైరు పక్కగోడ మీద డీవోటీ అని మొదలయ్యే వరస చివర ఉండే నాలుగంకెలు, అంటే టైరు తయారైన వారం, సంవత్సరం, చాలా టైర్లకి ఒకవైపే ఉంటాయి. ఆ వైపుని లోపలికి తిప్పి బిగించారు. కింద దూరి ఫోను లైటు వేస్తే 2321, అంటే 2021లో 23వ వారం. కొత్త టైర్లట! బిల్లు మీద "టైర్ 4" అని తప్ప ఒక్క ముక్క లేదు. బిగించాక వాపసు లేదట.

మీరైనా టైరు రిమ్ముకి ఎక్కకముందే రెండు పక్కలా చూడండి. పాత టైరు మీది అంకె, ఎక్స్‌ఎల్ గుర్తు ఫొటో తీసి పట్టుకెళ్లండి. ఎంత గాలి పట్టాలో డ్రైవరు తలుపు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. సైజు, బరువు మోసే అంకె, వారం-సంవత్సరం మూడూ బిల్లులో రాయమనండి. రాయనంటే పాత టైర్లతోనే ఇంటికొచ్చేయండి.