పాత కామ్రీ హైబ్రిడ్‌ని శ్రీకాకుళంలో మెయింటైన్ చేయగలమా?

శ్రీకాకుళంలో ఈ బండి ఎక్కడ ఆపినా మొదటి ప్రశ్న ఒకటే: "బ్యాటరీ పోతే ఎంతవుతాది బాబూ?" ఏడు రోడ్ల జంక్షన్లో టీ తాగుతున్నా అదే, పెట్రోలు బంకులో ఆగినా అదే. నాది 2015 టొయోటా కామ్రీ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్లు, వాటికో పెద్ద బ్యాటరీ ఉన్న బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొత్తలో ముప్పై లక్షలు దాటిన బండి ఇప్పుడు పది లక్షలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. లాగాలి కూడా, అంత మంచి బండి ఇది. కాకపోతే అందరూ భయపడే చోట అంత భయం అక్కర్లేదు, ఎవరూ చూడని చోట మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఈ రివ్యూ అందుకే రాస్తున్నా.

ముందు ఆ పెద్ద బ్యాటరీ సంగతి. ఇది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, 34 మాడ్యూళ్లు (చిన్న చిన్న బ్యాటరీ ముక్కలు), మొత్తం 244.8 వోల్టులు, వెనక సీటుకీ డిక్కీకీ మధ్యలో ఉంటుంది. కొత్తది వేయించాలంటే ఖర్చు లక్షల్లోనే, అందులో మొహమాటం లేదు. కానీ ఇది ఒక్క రోజులో చచ్చిపోయే వస్తువు కాదు, నెమ్మదిగా బలహీనపడుతుంది, ఆ సూచనలు ముందే కనిపిస్తాయి. దాన్ని త్వరగా చంపేది వేడి. చల్లబరచడానికి ఒక ఫ్యాను ఉంది, అది కారు లోపలి గాలినే పీలుస్తుంది. వెనక సీటు దగ్గరుండే ఆ జాలీకి దుమ్ము పట్టినా, దాని మీద దిండో సంచో పడేసినా బ్యాటరీకి గాలి ఆడదు. మే నెల ఎండలో బండి గంటలకొద్దీ బయట పెట్టి, ఎక్కిన వెంటనే హైవే మీద తొక్కితే ఇంక చెప్పేదేముంది. ఆ జాలీ శుభ్రం చేయించడం, ఎండాకాలం బండి నీడలో పెట్టడం, ఏసీ వేసుకుని నడపడం, ఈ మూడూ చేస్తే బ్యాటరీకి పెద్ద మేలు చేసినట్టే. పాడైన ఒకటి రెండు మాడ్యూళ్లు మార్చి తక్కువలో తేల్చేస్తామని కొందరు అంటారు. మిగతావన్నీ అదే వయసువి కదా, కొన్నాళ్లకు ఇంకోటి పోతుంది. నేనైతే ఆ దారికి వెళ్లను.

కొనేముందు స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి లోపలి లెక్కలు చదివే పరికరం) పెట్టించి చూడండి. ఆ 34 మాడ్యూళ్లు జతలుగా 17 బ్లాకులు, ఒక్కో బ్లాకు వోల్టేజీ విడివిడిగా కనిపిస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు ఏదో ఒక బ్లాకు మిగతావాటికంటే బాగా కిందికి పడిపోతుంటే ఆ బండి వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే. ఇంకో సంగతి, ఛాసిస్ నంబరు ఇచ్చి ఆ బ్యాటరీ ధర సర్వీస్ సెంటర్లో రాయించుకున్నాకే బేరం మొదలుపెట్టండి. ఆ కాగితం చేతిలో ఉంటే అమ్మేవాడి మాటతీరే మారిపోతుంది.

నిజంగా నడిరోడ్డు మీద నిలబెట్టేది చిన్న బ్యాటరీ. మామూలు 12 వోల్టుల బ్యాటరీయే, డిక్కీలో ఉంటుంది. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి రెడీ మోడ్‌లోకి (కదలడానికి సిద్ధమైన స్థితికి) రాదు, డిక్కీ బటన్ కూడా పనిచేయదు. అందుకే జంప్ ఇవ్వడానికి, అంటే వేరే బ్యాటరీ తగిలించి లేపడానికి, బానెట్ కింద ఫ్యూజు బాక్సులో విడిగా టెర్మినల్ పెట్టారు, అదెక్కడుందో బండి కొన్న రోజే చూసి పెట్టుకోండి. నా బండి ఇలాగే ఒకసారి మొరాయిస్తే మా వీధి మెకానిక్ బానెట్ ఎత్తి ఎంతసేపు వెతికాడో, "ఏటి బాబూ, సెల్ఫ్ మోటారు లేని బండేటి?" అన్నాడు. నిజమే, దీనికి సెల్ఫ్ మోటారూ లేదు, ఆల్టర్నేటరూ లేదు, క్లచ్ అసలే లేదు. గేర్‌బాక్సులో బెల్టు కూడా ఉండదు, ప్లానెటరీ గేర్లు, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, అంతే. మామూలు బండ్లలో అరిగి డబ్బు లాగే భాగాలు సగం ఇందులో లేనే లేవు, అందుకే దీని మీద నాకింత నమ్మకం. చిన్న బ్యాటరీ మాత్రం మామూలు షాపు సరుకు వేయకూడదు. అది క్యాబిన్ వైపే ఉంటుంది కాబట్టి గాలిగొట్టం ఉన్న ఏజీఎం రకమే (లోపలి ద్రవం ఒలకకుండా సీలు చేసినది) వేయాలి, పది పదిహేను వేల మాట.

మన వైపు వాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్యోగం బెంగళూరులోనో బయటి దేశంలోనో, ఇల్లు నరసన్నపేట పక్కనో పాలకొండ పక్కనో, సంక్రాంతికి వచ్చినప్పుడు తిరగడానికి ఒక మంచి బండి కొని షెడ్డులో పెడదామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి హైబ్రిడ్ కొనకండి. నెలల తరబడి కదలకపోతే చిన్న బ్యాటరీ చచ్చిపోతుంది, పెద్దది కూడా తనంతట తానే ఛార్జ్ కోల్పోతుంది. పైగా పల్లెటూరి షెడ్డులో ఎలుకలు వైర్లు కొరికితే, నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్లున్న బండిని ఏ ఊరి మెకానిక్కూ ముట్టుకోడు, ముట్టుకోకూడదు కూడా.

బ్రేకుల గురించి ఇంకొంచెం చెప్పాలి. నెమ్మదించేటప్పుడు మోటారే సగం పని చేస్తుంది కాబట్టి ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, ఆ విషయంలో హాయి. కానీ బ్రేక్ బూస్టర్, పంపు కలిసిన ఆక్చువేటర్ అనే భాగం ఈ తరం హైబ్రిడ్లలో పేరున్న బలహీనత, అమెరికాలో 2012 నుంచి 2014 మోడళ్లకు దాని మీద వారంటీ కూడా పొడిగించారు. టెస్ట్ డ్రైవ్‌లో బ్రేక్ తొక్కుతూ చెవి పెట్టి వినండి. పంపు మాటిమాటికీ గుర్రుమంటుంటే, ఏబీఎస్ లైటు వెలిగి ఆరుతుంటే ఖర్చు లక్ష పైమాటే. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించాలి, అది కూడా స్కానర్ పెట్టి చేయాల్సిన పని, పెడల్ తొక్కి గాలి తీసేసే పద్ధతి దీనికి కుదరదు.

ఏసీ దగ్గర ఇంకా జాగ్రత్త. కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది, దానికి ఎన్‌డీ-11 అనే వేరే ఆయిల్. మామూలు కార్ల ఏసీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని బండి స్టార్ట్ కూడా కాకపోవచ్చు. ఒక షాపులో గ్యాస్ పట్టించడానికి వెళ్తే అన్ని కార్లకూ వాడే మెషీన్‌నే తగిలించబోయాడు. అడిగితే "అన్నీ ఒకటే సార్" అన్నాడు. బండి తిప్పుకుని వచ్చేశాను.

అందుకే హైబ్రిడ్ పని ఏదున్నా నేను వైజాగే వెళ్తాను. వంద కిలోమీటర్లు పైనే, నాతవలస టోలు, ఒక పూట పోతుంది. మామూలు ఆయిల్ సర్వీసు పది పన్నెండు వేలల్లో అయిపోతోంది, టైర్లు నాలుగూ వేస్తే నలభై వేల దాకా. ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటార్లకు తగ్గట్టు మార్చే పెట్టె) కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్ "జీవితాంతం మార్చక్కర్లేదు" అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి, పాత బండిలో రెండూ మార్పించడమే మంచిది. ఇవి కాక నెలకు ఐదారు వేలు పక్కన పెడుతున్నాను, పెద్ద ఖర్చు ఎప్పుడొచ్చినా అప్పు చేయకుండా. అది కుదరని వాళ్లకు ఈ బండి భారమే.

మైలేజీ కంపెనీ లెక్కలో లీటరుకు 19.16 కిలోమీటర్లు. నాకు హైవేలో పదహారు దాకా వస్తోంది, వైజాగ్ ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగి మోటారు మీద పాకుతుంది కాబట్టి అక్కడ కూడా పెద్దగా పడిపోదు. రెండున్నర లీటర్ల పెట్రోలు ఇంజిన్‌కి అది చాలా గొప్ప. ఇచ్ఛాపురం దాటే పని పడితే ఒడిశాలోనే ట్యాంకు నింపిస్తాను, లీటరు మీద బాగానే తేడా ఉంటుంది.

వరద బండి మాత్రం అస్సలు వద్దు. 2015 చెన్నై వరదల్లో, 2024 సెప్టెంబరు విజయవాడ వరదల్లో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం, అవన్నీ ఎక్కడికో ఒకచోటికి అమ్ముడవుతాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి, సీటు పట్టాల కింద తుప్పు చూడండి, డిక్కీ కార్పెట్ ఎత్తి బ్యాటరీ పెట్టె బోల్టులు చూడండి. మామూలు కారు నీళ్లలో మునిగితే ఎలాగో బాగుచేసుకోవచ్చు, దీని బ్యాటరీలోకి నీళ్లు వెళ్తే బతకదు.

బండి తెలంగాణదో ఒడిశాదో అయితే ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క ముందే వేసుకోండి, ఆ మొత్తం బేరంలో తగ్గించమని అడగండి. ఇంకొంచెం డబ్బు పెట్టగలిగితే 2019 మోడల్ చూడండి. దాంట్లో బ్యాటరీ వెనక సీటు కిందికి మారింది, డిక్కీ పూర్తిగా వాడుకోవచ్చు, మైలేజీ ఇంకా బాగుంటుంది. నాకు బడ్జెట్ కుదిరితే తర్వాత తీసుకునేది అదే.